దారి తప్పిన కొమ్మకు కాసిన ద్రాక్ష

ఫిబ్రవరి రెండో వారం దాటిందంటే సోలాపూర్ తూర్పు భాగంలో తోపుడుబండ్ల రంగు మారిపోతుంది. అంతవరకూ జామకాయలు, రేగుపళ్లు అమ్మిన బండ్ల మీదికి లేత పసుపు ద్రాక్ష ఎక్కుతుంది. అశోక్ చౌక్‌లో మొదలై దత్తనగర్ మీదుగా, సాఖర్ పేట్ సందుల గుండా, మగ్గాల షెడ్ల ముందు నుంచి చాదర్లు మడతపెట్టే ఇళ్ల గుమ్మాల దాకా ఆ బండ్లు వస్తాయి. షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్లు, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్లు, బడికి పోయే పిల్లలు బండిని ఆపుతారు. "భావూ, గోడ్ ఆహే కా?" అని బండివాడిని మరాఠీలో అడిగి, అతడిచ్చిన పండును మనవడి నోట్లో పెట్టి, "ఎట్లున్నది బిడ్డా, తియ్యగున్నదా?" అని తెలుగులో అడిగే పెద్దమ్మలు ఆ వీధుల్లో ఎందరో.

ఆ పండును దగ్గరగా చూడాలి. గుండ్రంగా ఉండదు. కోలగా, అంగుళం దాకా సాగి ఉంటుంది. తొడిమ దగ్గర పచ్చదనం, కిందికి పోనుపోను బంగారు ఛాయ. ఎండకు పట్టి చూస్తే లోపలి సన్నటి నరాలు కనిపిస్తాయి, గింజ మాత్రం కనిపించదు. పైన పల్చగా తెల్లటి పొడి ఉంటుంది. చాలామంది దాన్ని పురుగుమందు అనుకుంటారు. కాదు. లోపలి నీరు ఆవిరైపోకుండా పండు తన ఒంటికి తానే రాసుకున్న మైనం అది. వేలితో తుడిస్తే పోతుంది, మళ్లీ రాదు. ఆ పొడి చెదరని గుత్తి దొరికిందంటే, అది ఎక్కువ చేతులు మారకుండా తోట నుంచి నేరుగా వచ్చిందని లెక్క.

ఈ రకం పేరు సోనాకా. దీని పుట్టిల్లు ఆ మగ్గాల వీధులకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉంది. ఉత్తర సోలాపూర్ తాలూకాలో, బార్శీ పోయే దారిలో నాన్నజ్ అనే ఊరు. ఆ ఊళ్లో నానాసాహెబ్ కాళే అనే రైతు తోటలో ఇది మొదట వెలుగు చూసింది.

సోలాపూర్ తెలుగు పద్మశాలీలకు నాన్నజ్ కొత్త పేరేమీ కాదు. వీళ్ల పూర్వీకులు తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనిని నమ్ముకొని వచ్చినవాళ్లు. 1877లో ఇక్కడ మొదటి నూలు మిల్లు పెట్టాక, ఆ తర్వాత ఒక్కొక్కటిగా మరికొన్ని వచ్చాక, ఊరు నేతగాళ్ల ఊరైంది. చేమగ్గం చీరలు పోయి మరమగ్గాలు వచ్చాయి, సోలాపురీ చాదర్ వచ్చింది, టర్కీ తువాలు వచ్చింది. మార్కండేయుడి రథం నేటికీ శ్రావణ పున్నమినాడు కదులుతుంది, బతుకమ్మ నేటికీ వీధిలో ఆడతారు. చుట్టూ ఉన్న పల్లెలు మరాఠీవి, పొలాలు మరాఠీ రైతులవి. అయినా ఈ నేల ఎంత పొడి నేలో, ఇక్కడ వాన ఎంత పిసినారిదో, నాలుగైదు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సహ్యాద్రి కొండలు మేఘాలను పడమటే పిండేసుకుంటాయి. వాటి చాటున పడ్డ సోలాపూర్‌కు ఏడాదికి దక్కేది ఆరువందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే.

అలాంటి చోట ద్రాక్ష పండటమే మొదటి వింత.

ద్రాక్ష చలిదేశాల తీగ. నల్లసముద్రానికి, కాస్పియన్ సముద్రానికి మధ్య కొండల్లో మనిషి దాన్ని మచ్చిక చేసుకొని ఎనిమిది వేల ఏళ్లయింది. అక్కడ దాని బతుక్కు ఒక లెక్క ఉంది. చలికాలం రాగానే ఆకు రాల్చి మోడై నిద్రపోతుంది. మంచు కరిగాక మేలుకుంటుంది, చిగురిస్తుంది, పూస్తుంది, ఎండాకాలం చివర పండిస్తుంది, మళ్లీ పడుకుంటుంది. ఏడాదికి ఒక నిద్ర, ఒక కాపు. దక్కన్ పీఠభూమిలో దాన్ని పడుకోబెట్టే చలి లేదు. వదిలేస్తే ఇక్కడి తీగ ఏడాది పొడుగునా పచ్చగా పాకుతూనే ఉంటుంది, కాయదు. కాపు రావాలంటే కాలం మారిందని దానికి ఎవరో చెప్పాలి. ఇక్కడ ఆ పని కత్తెర చేస్తుంది.

సోలాపూర్ రైతు ఏడాదికి రెండుసార్లు తీగను కత్తిరిస్తాడు. కోత అయిపోయి తీగకు కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చాక, ఏప్రిల్‌లో ఒకసారి. దాన్ని ఖరడ్ ఛాటణీ అంటారు. కిందటి కాపు మోసిన కొమ్మలన్నిటినీ మొదలంటా కోసేస్తారు. పందిరి మీద ఉత్త బోదెలు, చేతులు మాత్రం మిగులుతాయి. మండుటెండలో ఆ తోట చూస్తే చచ్చిపోయిందనే అనుకుంటాం. పది పదిహేను రోజుల్లో అదే తోట చిగుళ్లతో నిండిపోతుంది. మళ్లీ అక్టోబర్‌లో, వానలు వెనక్కి తగ్గే వేళ, రెండో కత్తిరింపు. ఈసారి కొమ్మను మొదలంటా కొయ్యరు, కొన్ని కణుపులు వదిలి పైభాగం తీసేస్తారు. ఆ వదిలిన కణుపుల్లోంచే గుత్తి వస్తుంది. రెండు చిగుళ్లు, ఒకే కాపు. ఏప్రిల్ చిగురు కొమ్మ కోసం, అక్టోబర్ చిగురు పండు కోసం. ప్రపంచంలో చాలా ద్రాక్ష దేశాల రైతులకు తెలియని పద్ధతి ఇది, దక్కన్ ఎండ నేర్పింది.

అయితే అసలు వింత ఈ రెండు కత్తిరింపుల మధ్య, ఎవరికీ కనిపించని చోట జరుగుతుంది. ఏప్రిల్ తర్వాత పెరిగే ప్రతి కొమ్మ మీదా, ప్రతి ఆకు మొదట్లోనూ ఒక మొగ్గ ఉంటుంది. గోధుమ రంగులో, కందిగింజ కన్నా చిన్నది. కొమ్మ పెరుగుతూ ఉండగా, కత్తిరింపు తర్వాత అయిదారు వారాల నుంచి రెండు నెలల లోపు, ఆ మొగ్గ లోపల ఒక చిన్న గుబ్బ ఏర్పడుతుంది. అది ఏమవుతుందో అప్పటికి దానికే తెలియదు. రెండు దారులున్నాయి. గుత్తి కావచ్చు, లేకపోతే నులితీగ కావచ్చు. ఆకుకు ఎదురుగా పుట్టి, పందిరి కమ్మీని చుట్టుకునే పచ్చటి నులితీగ మనందరం చూసిందే. ఆ నులితీగా, నోరూరించే ఆ ద్రాక్షగుత్తీ పుట్టుకలో ఒక్కటే. రెండూ ఒకే గుబ్బ నుంచి మొదలవుతాయి. కొమ్మకు ఎండ బాగా తగిలి, ఆకులు చేసిన తిండి నిండుగా అంది, వేరు నుంచి అందవలసిన రసాయనాలు సమయానికి అందితే గుత్తి. మబ్బు కమ్మి, ఆకులు ఒకదాని మీద ఒకటి పడి నీడ అయితే నులితీగ. అరుదుగా సగం దారిలో మనసు మార్చుకున్నవి కూడా కనిపిస్తాయి: ఒక కొస కమ్మీని చుట్టుకొని ఉంటుంది, ఇంకో కొసన నాలుగు కాయలు వేలాడుతుంటాయి. తోటలో అలాంటిది దొరికితే పిల్లలకు తప్పకుండా చూపించాలి. వృక్షశాస్త్రం పుస్తకంలో పది పేజీలు చెప్పే సంగతి ఆ ఒక్క తీగ చెబుతుంది.

ఫిబ్రవరిలో తోపుడుబండి మీదికి వచ్చే గుత్తి కిందటి మే, జూన్ నెలల్లోనే నిర్ణయమైపోయిందన్నమాట. అందుకే ఇక్కడి రైతులు అక్టోబర్ కత్తిరింపుకు ముందు తోటలోంచి కొన్ని కొమ్మలు కోసి పరీక్షకు పట్టుకుపోతారు. మొగ్గను బ్లేడుతో చీల్చి సూక్ష్మదర్శిని కింద పెట్టి, గుత్తి ఎన్నో కణుపులో ఉందో చూసి చెబుతారు. దాన్ని బట్టి కత్తెర ఎక్కడ పెట్టాలో తేల్చుకుంటారు. ఒక్క కణుపు తేడా వచ్చినా కాపంతా కత్తెర కింద రాలిపోతుంది. ఆకులే ఉంటాయి, గుత్తి ఉండదు.

అక్టోబర్ కత్తిరింపు అయ్యాక పరుగే పరుగు. మొగ్గలన్నీ ఒకేసారి విచ్చుకోవడానికి వాటికి మందు రాస్తారు, చలికాలం చేయాల్సిన పని అది చేస్తుంది. వారం పది రోజులకు చిగురు. నెల దాటాక పూత. ద్రాక్షపూవును చూసినవాళ్లు తక్కువ. ఆవగింజంత ఆకుపచ్చ పూవు, రంగూ ఉండదు, ఆర్భాటమూ ఉండదు. దాని వింత ఏమిటంటే అది రేకులు విప్పదు. మామూలు పూలు పైనుంచి విచ్చుకుంటే, ఇది కింది నుంచి తెగుతుంది. రేకులన్నీ కొసన అతుక్కునే ఉండి, మొదట్లో ఊడి, చిన్న టోపీలా మొత్తం ఒక్కసారి రాలిపోతుంది. టోపీ రాలగానే లోపలి కేసరాలు నిటారుగా నిలబడతాయి. పూత వేళ తోటలో పందిరి కింద నిలబడితే భుజాల మీద ఆ టోపీలు రాలుతుంటాయి, సన్నటి వాసన వస్తుంది. ఆ నాలుగు రోజులూ రైతుకు నిద్ర ఉండదు. మబ్బు పట్టి జల్లు పడితే పూత కుళ్లుతుంది, ఆకు కింద కేవడా బూజు పాకుతుంది. రెండు రోజుల అకాల వానకు ఏడాది పెట్టుబడి పోగొట్టుకున్న కుటుంబాలు ఈ జిల్లాలో లెక్కకు మిక్కిలి. బండి దగ్గర బేరమాడేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

ఇప్పుడు గింజ దగ్గరికి వద్దాం. గింజలేని ద్రాక్షలో గింజ అసలు పుట్టదనుకుంటాం. పుడుతుంది. పూవు ఫలదీకరణ చెందుతుంది, గింజ మొదలవుతుంది, కొన్ని వారాలకే లోపల ఆగిపోతుంది. పండును అడ్డంగా కోసి చూస్తే మధ్యలో మెత్తటి చిన్న ఆనవాలు ఉంటుంది, నాలుకకు కూడా తెలియదు. గింజ ఆగిపోతే రెండు నష్టాలు. మొదటిది, కాయను పెంచే జిబ్బరెల్లిన్ అనే పదార్థాన్ని అందించేది గింజే. అది లేకపోతే కాయ చిన్నదిగా మిగిలిపోతుంది. అందుకే తోటల్లో ఆడవాళ్లు మగ్గుల్లో ఆ మందు కలిపిన నీళ్లు పట్టుకొని, ఒక్కో గుత్తినీ అందులో ముంచి తీస్తారు. ఎకరంలో వేల గుత్తులు, ఒక్కొక్కటీ చేత్తోనే. ఈ మందు వెనక కథ వరిపొలంలో మొదలైంది. జపాన్‌లో వరిపైరు పిచ్చిగా పొడుగు పెరిగి పడిపోయే తెగులు ఉండేది. 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త, ఆ తెగులు తెచ్చే బూజు వదిలే పదార్థమే పైరును అలా సాగదీస్తోందని చూపించాడు. వరిని చంపిన ఆ పదార్థమే ద్రాక్షను పెంచుతోంది.

రెండో నష్టం ఇంకా పెద్దది. గింజ లేనిదానికి సంతానం లేదు. థాంప్సన్ సీడ్‌లెస్ అని ప్రపంచమంతా పండించే రకం ఇరాన్, టర్కీ ప్రాంతాల పాత కిష్మిష్ జాతిది. 1870ల్లో కాలిఫోర్నియాలో విలియం థాంప్సన్ అనే రైతు దాన్ని పెంచితే ఆయన పేరు పడిపోయింది. కొమ్మ విరిచి నాటడం తప్ప దానికి వేరే వంశవృద్ధి లేదు. అంటే కాలిఫోర్నియాలో ఉన్నదీ, ఆస్ట్రేలియాలో ఉన్నదీ, మహారాష్ట్రలో ఉన్నదీ ఒక్క చెట్టే. వందల ఏళ్లుగా ఒకే చెట్టు ముక్కలు ముక్కలుగా దేశాలు తిరుగుతోంది. తల్లీ తండ్రీ కలిసి కొత్త బిడ్డను కనే దారి మూసుకుపోయినచోట మార్పు ఎలా వస్తుంది?

ఒకే ఒక్క సందు మిగిలింది. కొమ్మ చివర, మొగ్గలో, కణాలు విడిపోతూ కొత్త కణాలు పుడుతుంటాయి. కోట్ల సార్లలో ఒకసారి ఆ రాతలో ఒక అక్షరం తప్పుతుంది. తప్పిన కణం నుంచి పెరిగిన కొమ్మ మొత్తం ఆ తప్పును మోస్తుంది. చెట్టంతా పాతదే, వేరు పాతదే, పక్క కొమ్మకు గుండ్రటి కాయలే. ఆ ఒక్క కొమ్మకు మాత్రం కాయ కోలగా సాగుతుంది, లేదా రంగు మారుతుంది, లేదా పదిరోజులు ముందు పండుతుంది. నూటికి తొంభై తొమ్మిది తప్పులు పనికిరానివే. ఆ నూరో తప్పు కూడా కత్తిరింపు వేళ ఎవరూ చూడకపోతే కత్తెర కింద పడి పొయ్యిలోకి పోతుంది.

నాన్నజ్‌లో చూసే కన్ను ఉంది. థాంప్సన్ సీడ్‌లెస్‌లో వేరుగా కాసినదాన్ని నానాసాహెబ్ కాళే గుర్తుపట్టి, దాన్ని విడిగా పెంచి, ఆ కొమ్మల నుంచే కొత్త తోట వేశారు. అదే సోనాకా. ఆయన అంతటితో ఆగలేదు. కిష్మిష్ చోర్నీ అనే నల్లద్రాక్షలో తేడాగా వచ్చినదాన్ని ఎంచి శరద్ సీడ్‌లెస్‌ను తెచ్చారు. నల్లగా, పొడుగ్గా, కోతలు మొదలయ్యే వేళకే బజారుకు దిగే ద్రాక్ష అది. దాని నుంచి సరితా, నానాసాహెబ్ పర్పుల్ వచ్చాయి. కొడుకు దత్తాత్రేయ కాళే చేతుల మీద దనాకా, కింగ్ బెర్రీ వచ్చాయి. ఒక్క కుటుంబం, ఒక్క ఊరి తోట, ఇన్ని రకాలు! ప్రయోగశాల లేదు, రెండు జాతులను కలిపిన సంకరం కాదు. తోటలో రోజూ తిరగడం, గుత్తి గుత్తినీ చూడడం, తేడాను పట్టుకోవడం. ఇదే జిల్లాలో శెట్‌ఫళ్ అనే ఊళ్లో దాబడే అనే రైతు ఇలాగే థాంప్సన్‌లో తేడా పట్టి మాణిక్ చమన్ అనే రకాన్ని నిలబెట్టారు. పక్క సాంగ్లీ జిల్లా తాసగావ్ దగ్గర ఆర్వే అనే రైతు తాస్-ఎ-గణేశ్‌ను ఎంచారు. దేశమంతా తినే గింజలేని ద్రాక్షలో పెద్ద భాగం ఇలా రైతుల కంటికి దొరికిన కొమ్మలదే. మా సోలాపూర్ చుట్టుపక్కల ఇంత విద్య ఉందని గర్వంగా చెప్పుకోవలసిన సంగతి ఇది.

ఈ చూపు నేతవాళ్లకు బాగా అర్థమవుతుంది. నిమిషానికి వందకు పైగా పోగులు పడే మగ్గం ముందు నిలబడి, పడుగులో ఒక్క పోగు తెగితే క్షణంలో పట్టుకునే కన్ను వాళ్లది. వేల పోగుల్లో తేడాగా ఉన్నది ఒక్కటి. మగ్గం మీద దాన్ని సరిచేస్తారు, తోటలో దాన్ని దాచుకున్నారు. చూసే పని మాత్రం ఒకటే.

హైదరాబాద్ పాతవాళ్లకు కూడా ఇలాంటి ద్రాక్ష జ్ఞాపకం ఒకటి ఉండాలి. అనాబ్-ఎ-షాహీ. పందొమ్మిదో శతాబ్దం చివర అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాద్‌లో నాటిన తీగ అది. పెద్ద గుత్తి, తేనె రంగు కాయ, లోపల గింజ. నగరం చుట్టూ మేడ్చల్ దాకా ఆ పందిళ్లు ఉండేవి. ఊరు పెరిగి ఆ తోటల మీదికి కాలనీలు వచ్చాయి. గింజలేని ద్రాక్షకు జనం అలవాటు పడ్డారు. ఒక రకం పోయిందంటే ఒక రుచి మాత్రమే పోదు, దాన్ని పెంచడం తెలిసిన చేతులు కూడా పోతాయి.

నాన్నజ్ తోటలో తీగ మొదలును కాస్త వంగి చూడండి. నేలకు జానెడు ఎత్తులో ఒక ముడి ఉంటుంది. ముడికి కింద ఒక జాతి, పైన ఇంకో జాతి. పైన ఉన్నది ఇరాన్ వంశపు సోనాకా. కింద ఉన్నది డాగ్‌రిడ్జ్ అనే అడవి ద్రాక్ష వేరు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు ఎండిన నేలల్లో మన్సన్ అనే ద్రాక్ష నిపుణుడు దాన్ని గుర్తించాడు. సోలాపూర్ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, నీళ్లు తక్కువ. సొంత వేరు మీద నిలబడ్డ తీగలు ఆ నీళ్లకు తట్టుకోలేక ఆకు మాడిపోతుంటే, మహారాష్ట్ర రైతులు ఈ టెక్సాస్ వేరు మీద అంటుకట్టడం మొదలుపెట్టారు. ఆ వేరు నల్లరేగడి కింద మొరంలోకి, పగిలిన నల్లరాతిలోకి దిగిపోతుంది.

కోసిన పండంతా బజారుకు పోదు. కొంత భాగం ఊళ్లలోనే ఎండుతుంది. పండించినవాళ్లు దాన్ని బేదాణా అంటారు. పొటాషియం కార్బొనేట్, ఒక నూనె కలిపిన నీళ్లలో గుత్తులను ముంచితే పైనున్న మైనం పల్చబడి, లోపలి తడి బయటికి పోయే దారి దొరుకుతుంది. తర్వాత నీడపట్టున, అరలు అరలుగా కట్టిన వల మీద పరుస్తారు. రెండు వారాలకు ఆకుపచ్చ కిస్మిస్ తయారు. సోలాపూర్ మార్కెట్ యార్డులోనూ పండరిపురంలోనూ వీటికి పెద్ద వేలాలు జరుగుతాయి. దసరాకు సోలాపూర్ తెలుగు ఇళ్లలో పాయసంలో పడేది ఈ కిస్మిస్సే.

ఇంకో దారి వైన్‌ది. జిల్లా పడమటి అంచున, మాళశిరస్ తాలూకా అక్లూజ్ దగ్గర ఫ్రటెల్లీ అనే వైన్ సంస్థ ఉంది. 2007లో మొదలైంది. ఇటలీ నుంచి సెక్కీ సోదరులు, ఢిల్లీ నుంచి సేఖ్రీ సోదరులు, అక్లూజ్‌కే చెందిన మోహితే-పాటిల్ సోదరులు, మూడు కుటుంబాలు కలిసి పెట్టినది. మోటేవాడి, గార్వాడ్, నిమ్‌గావ్‌లలో 240 ఎకరాల తోటలు. టస్కనీలో పేరున్న పియెరో మాసీ అనే ఆయన వచ్చి ఈ నేలకు తగ్గ వైన్ రూపొందించారు. అంతవరకూ భారతీయ వైన్ అంటే ఎక్కువగా వినిపించేది నాసిక్ పేరే. చెరకు తప్ప మరొకటి ఊహించని అక్లూజ్‌లో సాంజొవేజే, షెనాన్ బ్లాంక్ వంటి పేర్లు పలకడం మొదలైంది.

సోనాకా పక్కన వైన్ ద్రాక్షను పెట్టి చూస్తే రెండూ ఒకే జాతివంటే నమ్మబుద్ధి కాదు. వైన్ కాయ బఠాణీ అంత. తోలు మందం, లోపల గింజలు, కొరికితే వగరు. ఆ తోలులోనే రంగు, ఆ వగరులోనే రుచి. తినే ద్రాక్షకు పెద్ద కాయ, పల్చటి తోలు కావాలి; వైన్‌కు చిన్న కాయ, మందమైన తోలు కావాలి. డిసెంబర్, జనవరి నెలల్లో ఇక్కడ పగలు 30 డిగ్రీల ఎండ కాసినా రాత్రి 15కు అటూ ఇటూ దిగుతుంది. ఆ రాత్రి చలికి కాయలోని పులుపు పూర్తిగా కరిగిపోకుండా నిలుస్తుంది, పగటి ఎండకు తీపి ఎక్కుతుంది. అక్కడ యూరప్‌లో తీగలు మోడులై మంచు కింద పడుకున్న నెలల్లో ఇక్కడ కోతలు జరుగుతుంటాయి.

వైన్ తాగే అలవాటు మా వీధుల్లో పెద్దగా లేదు. సోలాపూర్ ద్రాక్షకు ఆ పేరు వచ్చినందుకు సంతోషమే, కానీ నా మనసు మాత్రం నాన్నజ్ దగ్గరే ఉంటుంది. ఎందుకంటే ఆ ఊళ్లో మరో వింత కూడా ఉంది, అది కనుమరుగు కాబోతోంది.

నాన్నజ్ ద్రాక్షతోటలు దాటగానే పచ్చిక బీడు మొదలవుతుంది. దూరానికి చదునుగా, మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా కృష్ణజింకలు. ఇది బట్టమేక పక్షి అభయారణ్యం. మరాఠీవాళ్లు మాళ్‌ఢోక్ అంటారు. నిలబడితే మీటరు ఎత్తు, మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. అంత బరువుతో ఎగరగలిగే పక్షులు ప్రపంచంలోనే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. తెల్లటి మెడ, నెత్తిన నల్లటి కుచ్చు, నడకలో తొందర లేదు. ఏడాదికి ఒకే గుడ్డు, అదీ గూడు లేకుండా నేల మీదే. మిడతలు, పురుగులు, రేగుపళ్లు తిండి. 1979లో సోలాపూర్, అహ్మద్‌నగర్ జిల్లాల్లో కలిపి 8,496 చదరపు కిలోమీటర్లను దానికి అభయారణ్యంగా ప్రకటించారు. అందులో ఊళ్లూ, పొలాలూ, రోడ్లూ అన్నీ ఉన్నాయి. జనానికి ఇబ్బందులు వచ్చి తర్వాత దాన్ని 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించారు. మన కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడు అభయారణ్యం 1988లో ఇదే పక్షి కోసం పెట్టారు. అక్కడ దాని జాడ దొరకడం గగనమైంది. దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి నూటయాభైకి మించవు, వాటిలో దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే. సోలాపూర్ బీడులో ఇప్పుడు ఒక పిట్ట కనిపిస్తే పత్రికల్లో వార్త అవుతుంది.

ద్రాక్షను అంతగా మెచ్చుకున్నవాడిగా ఈ సంగతి దాచకూడదు. బోరు పడి, డ్రిప్ పైపులు పరిచాక, ఒకప్పుడు ఎందుకూ పనికిరావనుకున్న బీళ్లు తోటలయ్యాయి. రైతుకు అది బతుకు. ఆ పిట్టకు ఆ బీడే బతుకు. దానికి పందిరి నీడ అక్కర్లేదు, నాలుగు దిక్కులా దూరం కనిపించే గడ్డి కావాలి. చూపు పక్కల వైపు ఎక్కువ, ముందుకు తక్కువ కాబట్టి ఎదురుగా వచ్చే కరెంటు తీగలు దానికి కనిపించవు, కొట్టుకొని చచ్చిపోతుంది. నాన్నజ్ రైతులను తప్పుపట్టి లాభం లేదు. మిగిలిన ఆ గడ్డినైనా గడ్డిగా ఉంచడం, దాని మీదుగా పోయే తీగలను భూమిలోకి దించడం ప్రభుత్వం చేయవలసిన పని. అది గట్టిగా అడగవలసింది ఊరివాళ్లే కాదు, వాళ్ల ద్రాక్ష తినే సోలాపూర్ పట్నంవాళ్లు కూడా.

సీజన్‌లో సోలాపూర్ వస్తే ఒక్క పూట నాన్నజ్ దాకా వెళ్లండి. ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. పొద్దున్నే తోట చూసి, ఎండ ఎక్కక ముందే గడ్డి బీడు చూడండి. అడిగితే తోటవాళ్లు లోపలికి రానిస్తారు, ఒక గుత్తి చేతిలో పెట్టకుండా పంపరు.

ఇంటి పెరట్లోనో పొలంలోనో ద్రాక్ష పందిరి ఉన్నవాళ్లకు ఒక మాట. ఒక కొమ్మకు కాయ వేరుగా కాస్తే, రంగు మారితే, ముందు పండితే, దానికి కత్తెర పెట్టకండి. గుర్తుగా ఒక దారం కట్టి రెండు కాపులు చూడండి. రెండుసార్లూ అలాగే కాస్తే కొమ్మలు తీసి నాటండి, పుణె దగ్గర మాంజరిలో ఉన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రానికి చూపించండి. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం కింద రైతు తాను కనిపెట్టిన రకాన్ని తన పేరున నమోదు చేయించుకోవచ్చు. మామూలు పంటలకు ఆ హక్కు 15 ఏళ్లు, చెట్లకూ తీగలకూ 18 ఏళ్లు.